పడవ కింద గట్టయ్య

గట్టయ్యకు ఈత రాదు. ఖాజాకూ రాదు. పుష్కరాలప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మోకాళ్ల లోతు దిగారు తప్ప, గోదావరితో ఇద్దరికీ అంతకు మించిన పరిచయం లేదు. అలాంటి ఇద్దరూ కలిసి తెరచాప పడవ కొంటున్నారని తెలిసినప్పుడు గోదావరిఖనిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. రిటైరైన బొగ్గుబాయి మనిషికి మొదటి ఏడాది ఏదో ఒక పిచ్చి పట్టడం అక్కడ మామూలే. ఒకాయన కుందేళ్లు పెంచాడు. ఇంకొకాయన ఇంటి వెనుక బావి తవ్వడం మొదలుపెట్టి, నీళ్లు పడ్డా ఆపలేదు. వాటితో పోలిస్తే పడవ గౌరవమైన పిచ్చి.

అసలు పుట్టించింది ఖాజా. బరాజు కట్ట మీద మిర్చీలు తింటూ, ఎగువన మైళ్ల పొడవునా నిలిచిన నీళ్లను చూసి అన్నాడు: "గట్టన్నా, ఇన్నేండ్లు పొక్కల బతికినం. డ్యూటీల ఉన్నన్ని దినాలు పగటి ఆకాశం సక్కగ సూడలే. ఓ పడవ కొందం. బట్ట కడితే గాలే తీస్కపోతది. డీజిల్ లేదు, షిఫ్టు లేదు. అండ్లనే వండుకుందం, అండ్లనే పందం. సైరన్ ఇనబడని కాడికి పోదం."

గట్టయ్య ఖాజా పెదాలు చూస్తూ తలూపాడు. సైరన్ వినబడని చోటికి ఆయన చేరుకుని అప్పటికే అయిదేళ్లయింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తెలియాలంటే వీళ్ల పని తెలియాలి. ఇద్దరూ బాయిలో టింబర్‌మన్లు, ఇరవై ఎనిమిదేళ్ల జోడీ. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం వాళ్ల పని. నిలబెట్టే ముందు కప్పును కర్రతో తట్టి చూడాలి. ఒక చేత్తో తడుతూ రెండో అరచెయ్యి కప్పుకు ఆనించాలి. గట్టి కప్పు టంగుమంటుంది, చేతికి వణుకు రాదు. డొల్ల కప్పు డబడబమంటుంది, చెయ్యి వణుకుతుంది. దిమ్మె కూడా ఊరికే విరగదు, ముందు కిర్రుమని అరుస్తుంది. ఆ అరుపు విన్నవాడు బతుకుతాడు. గట్టయ్య చెవులు బాయి మొత్తానికి పేరున్న చెవులు. ఆయన "బాగున్నది" అంటే కప్పుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ నర్సింగం పుస్తకంలో రాసుకునేవాడు, మనుషులు లోపలికి నడిచేవారు. తట్టేది, చెప్పేది గట్టయ్య. పక్కన దీపం పట్టుకుని నిలబడేది ఖాజా.

ఆ చెవులు రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు మొరాయించాయి. డ్రిల్లు మోతలో పుట్టిన గుయ్‌మనే శబ్దం ఒకటి లోపల స్థిరపడి, మిగతా శబ్దాలన్నింటినీ బయటికి నెట్టేసింది. వైద్య పరీక్షలో డాక్టరు వెనక నిలబడి అంకెలు చెబితే, ఎదురుగా ఉన్న అద్దాల అల్మారాలో ఆయన పెదాలు చూసి గట్టయ్య గట్టెక్కాడు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. గట్టయ్య చెవులు పోయాయట అని నలుగురూ అనుకుంటారన్న సిగ్గు అంతకంటే ఎక్కువ. నాలుగేళ్లు అరచేతిని నమ్ముకుని కప్పులు తట్టాడు. దేవుడి దయవల్ల ఎవరి మీదా రాయి పడలేదు. కానీ ఖాజా ముఖం చూసినప్పుడల్లా గట్టయ్యకు ఒకటే తోచేది. ఈ మనిషిని నాలుగేళ్లు వినబడని కప్పు కింద నిలబెట్టాను కదా అనిపించేది. ఈ సంగతి ఖాజాకు తెలిసిన రోజు జోడీ తెగిపోతుందని ఆయన నిశ్చయం.

సరే, పడవల సంగతికొద్దాం. దొరికినవి రెండు.

మొదటిది ముత్యం పడవ. ముత్యం గోదావరి ఒడ్డున చేపలు పట్టే మనిషి. వాళ్ల తాత ఆ పడవను ఎక్కడో దిగువ నుంచి తెప్పించాడట. టేకు పలకలు, మధ్యలో తడికెల గూడు, నిలువెత్తు తెరచాప కొయ్య. వంతెన రాకముందు జాతర్లకు జనాన్ని దాటించిందట. ఇప్పుడు ఒడ్డున బోర్లా పడుకుని ముత్యం కోళ్లకు నీడనిస్తోంది.

రెండోది బసంత్‌నగర్‌లో, లారీ మెకానిక్ ఉపేందర్ షెడ్డు వెనుక ఉంది. తెల్లని ఫైబరు పడవ. ఎవరో కాంట్రాక్టరు పిల్లల సరదాకని హైదరాబాదు నుంచి తెప్పించి, పిల్లలు భయపడితే అక్కడ పడేశాడు. లోపల ఇద్దరు పడుకునే గది, పిడికెడంత పొయ్యి, గోడకు అద్దం. మధ్యాహ్నం పూట లారీ డ్రైవర్లు అందులో కునుకు తీస్తారు. ఉపేందర్ దాన్ని లారీ అమ్మినట్టే అమ్మబోయాడు. "సింగిల్ హ్యాండ్ బండి కాకా. ఒక్క గీత లేదు. నీళ్లల్లనే తిరగలే, ఇగ ఖరాబెట్లయితది?"

ఖాజాకు తెల్లదే కావాలి. కారణాలు అడిగితే రోజుకొకటి చెప్పాడు. అద్దం ఉంది కాబట్టి గడ్డం గీసుకోవచ్చన్నాడు. ఖాజా గడ్డం గీసుకోగా చూసినవాళ్లు లేరు. తెల్ల రంగుకు ఎండ అంటదన్నాడు. మరునాడు, చీకట్లో కనబడుతుందన్నాడు. ఎవరికి కనబడాలో చెప్పలేదు. గట్టయ్య మాత్రం టేకు పడవ దగ్గర మొండికేశాడు. "కర్ర మాట్లాడుతది ఖాజా. ఇరిగే ముందల చెప్పుతది. గా ప్లాస్టికు మూగది, అడిగినా చెప్పది." నిజానికి ఆయనకు రెండూ ఒకటే. టింబర్‌మన్ కర్రను కాదని ప్లాస్టిక్ వైపు తిరిగితే "ఎందుకన్నా?" అని ఖాజా అడుగుతాడు, అబద్ధం చెప్పలేక గట్టయ్య దొరికిపోతాడు. అదీ అసలు భయం.

ఇద్దరి మధ్య తేలే పంచాయితీని కార్మికుల కాలనీ అంతటితో పోనిస్తుందా? రెండు వేల పదమూడు అది. తెలంగాణ రేపొస్తుందా, ఎల్లుండొస్తుందా అని జనం టీవీలకు అతుక్కుపోయిన రోజులు. ప్రతి ఆఫీసుకూ ఒక జేఏసీ, ప్రతి వాడకూ ఒక టెంటు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొనని పడవకు వారం తిరక్కముందే జేఏసీ ఏర్పడింది. నర్సింగం చైర్మన్. కన్వీనర్ సదయ్య, ఒకప్పటి హాజరు గుమాస్తా. ఎక్కడ నలుగురు కూర్చున్నా పుస్తకం తెరిచే అలవాటు ఇంకా పోలేదు. దీక్షల కోసం వేసిన టెంటు ఎలాగూ ఖాళీగా ఉంది. పాత పడవ వర్గం ఒక పక్క, కొత్త పడవ వర్గం ఒక పక్క కూర్చున్నాయి. యూనియన్ గొడవల్లో చెడి పాతికేళ్లుగా మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు పడవ విషయంలో ఒకే వర్గంలో పడి, అదే కోపంతో ఇద్దరూ వర్గం మారి మళ్లీ ఒకే దాంట్లో తేలారు.

చివరికి నర్సింగం లేచి తీర్మానం చదివాడు. "తనిఖీ లేంది మనిషి లోపలికి పోవద్దు. అది బాయైనా, పడవైనా. రెండిటి కప్పులు తట్టి చూడాలె. తట్టేది గట్టయ్య. ఆయన మాటే ఫైనల్."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కనబడ్డాయి కాబట్టి గట్టయ్య కూడా కొట్టాడు. ఆ తర్వాతే తన పేరు చదివారని తెలిసింది.

ముందుగా బసంత్‌నగర్ పోయారు. ఉపేందర్ చేత చైను పుల్లీతో పడవను బోర్లించి, ఇటుకల మీద నిలబెట్టించారు. గట్టయ్య, ఖాజా, నర్సింగం, సదయ్య, ఇంకో పాత కార్మికుడు, మొత్తం అయిదుగురు పెద్ద మనుషులు తలకు పాత హెల్మెట్లు పెట్టుకుని దాని కిందికి దూరారు. సర్దార్ లైటు వేశాడు. గట్టయ్య ఒక చేత్తో తట్టాడు, రెండో అరచెయ్యి ఆనించాడు. చెయ్యి గజగజ వణికింది. మరోచోట తట్టినా అంతే. ముక్కు నుంచి తోక దాకా అదే వణుకు. గట్టయ్యకు ప్రాణం లేచొచ్చింది. చెవులతో పని లేకుండా చెయ్యే చెప్పేసింది.

"మొత్తం డొల్ల," అన్నాడు గంభీరంగా. "దీని కింద మనిషిని నిలబెట్టద్దు."

సదయ్య రాసుకున్నాడు. బయట ఉపేందర్ నెత్తి కొట్టుకున్నాడు. "దీని కింద ఎవ్వలు నిలబడుతరు కాకా? దీంట్ల కూసుంటరు! పడవంటేనే డొల్ల కదనే!"

"ఎన్నేండ్ల సర్వీసు నీది?" అని అడిగాడు నర్సింగం. ఉపేందర్ పడవను మళ్లీ చైను పుల్లీకి తగిలించాడు.

మరునాడు ముత్యం పడవ. కోళ్లను తోలి, గుంజల మీదికి ఎత్తి, మళ్లీ అదే అయిదుగురు కిందికి దూరారు. సద్ది తీసుకొచ్చిన గట్టయ్య భార్య సారక్క ఒడ్డున కూర్చుని వింత చూస్తోంది. మొదటి పలక తట్టాడు గట్టయ్య, చెయ్యి వణకలేదు. రెండోది తట్టాడు, వణకలేదు. మూడోది అసలు కదలనే లేదు, పిడికెడు మట్టిని తట్టినట్టుంది. ఇంత గట్టి కప్పు తన సర్వీసులో చూడలేదనుకున్నాడు.

"బాగున్నది," అన్నాడు.

నర్సింగం తలూపాడు. సదయ్య రాశాడు. ముత్యం ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ఖాజా అతని భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. తిరిగొచ్చి గట్టయ్య ఎదురుగా నిలబడి, "నువ్వన్నంక ఇంకేమున్నది గట్టన్నా! గిదే కొందం," అన్నాడు. అద్దం ఊసెత్తలేదు, తెల్లరంగు ఊసూ ఎత్తలేదు. మరునాడు పొద్దున్నే పడవను నీళ్లలోకి దింపాలని, కొబ్బరికాయలు చైర్మన్ తేవాలని తీర్మానమైంది.

ఆ సాయంత్రం గట్టయ్య వాకిట్లో కూర్చుని తాడు పేనుతుండగా సారక్క వచ్చి ముందర నిలబడింది. ఆయన గడ్డం పట్టి ముఖం పైకెత్తింది.

"ఇప్పుడు నీ ఎనుక నిలబడి, ఇల్లు అమ్ముతున్నా అని చెప్పిన. ఏమంటవని భుజం తట్టిన. నువ్వు తలూపినవ్."

గట్టయ్య చేతిలోని తాడు కింద పెట్టాడు.

"మూడో పలక తడితే బొదబొదమన్నది. ఒడ్డు మీదున్న నాకు ఇనబడ్డది. కోళ్లకు గూడ ఇనబడ్డది. నీకు ఇనబడలే. ఎన్ని దినాల సంది ఇట్లున్నది?"

"అయిదేండ్లు."

సారక్క పక్కన కూలబడింది. "అయిదేండ్ల సంది ఏం చెప్పినా ఎదురు చెప్పుత లేడు, బుద్దొచ్చిందనుకుంటి! ఎములాడ రాజన్నకు మొక్కి కోడెను గూడ కట్టేస్తిని!" అని కళ్లొత్తుకుంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మళ్లీ ఏడ్చింది.

గట్టయ్యకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. వణకనివన్నీ గట్టివి కావు, పుచ్చిన కర్ర కూడా వణకదు. పాతికేళ్లు కొత్త కుర్రాళ్లకు తాను చెప్పిన పాఠమే అది. అయితే ఆయన్ను తొలిచేస్తున్నది మాత్రం మరో సంగతి. ఖాజా చెవులు పాము చెవులు. ఆ బొదబొద ఖాజాకు వినబడకుండా ఉండదు. విని కూడా కొందామన్నాడు. ఎందుకన్నాడు?

తెల్లవారగానే ఖాజా ఇంటికి పోయాడు. ఖాజా భార్య నుస్రత్ బేగం కుట్టు మిషన్ మీద పాత షామియానాతో తెరచాప కుడుతోంది. ఖాజా గుడ్డ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"ఖాజా, మూడో పలక చప్పుడు విన్నవా?"

ఖాజా గుడ్డ వంకే చూస్తూ అన్నాడు, తర్వాత గుర్తొచ్చి ముఖం ఎత్తి మళ్లీ అన్నాడు. "విన్న."

"ఎట్లున్నది?"

"పుచ్చిన గుమ్మడికాయ లెక్క."

"మరి కొందమని ఎందుకన్నవ్?"

"నువ్వు బాగున్నదన్నవ్ కదనే. అంతమంది ముందట నీ మాట కాదంటనా?"

"మునిగి సచ్చేటోళ్లం కదరా!"

"ఒడ్డు పక్కపొంటి నడుపుదమనుకున్న," అన్నాడు ఖాజా.

కుట్టు మిషన్ ఆగింది. గట్టయ్య గడప మీద కూర్చున్నాడు. చెప్పాల్సిన మాటను అయిదేళ్లు నోట్లో పెట్టుకుని తిరిగాడు, ఇప్పుడది బయటికి రానంటోంది. "ఖాజా, నా చెవులు..."

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"మన పక్కల బొగ్గు మోసే బెల్టు తెగిన నాటి సంది. బాయంత దద్దరిల్లితే నువ్వు ఎనుకకు తిరిగి గూడ సూడలే."

అది చెవులు పోయిన మొదటి ఏడాదే. గట్టయ్య వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు. "మరి అన్ని దినాలు నా పక్కన ఆ కప్పుల కింద ఎట్ల నిలబడ్డవ్?"

"నువ్వు తట్టుతుంటివి, నేను ఇంటుంటి. పనేం ఆగలే కద. కప్పు మంచిగ లేకుంటే, నువ్వు బాగున్నదనక ముందే, కడుపుల మెలిపెడుతున్నదని నిన్ను బయటికి గుంజుకపోతుంటి. నువ్వేమో వాము తెచ్చి తినిపిస్తుంటివి. యా అల్లా, ఎంత వాము తిన్ననో నాకే ఎరుక!"

"తెల్ల పడవ ఎందుకడిగినవ్?"

"దాంట్ల ఇనేటిదేం లేదు గనుక. నువ్వు ఏ ఫికర్ లేక కూసుంటవని."

గట్టయ్య తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తాను చంపబోయాననుకున్న మనిషి ఇన్నేళ్లూ తనను బతికించాడు. తనను మాత్రమే కాదు, తాను బాగున్నదన్న ప్రతి కప్పు కిందికీ నడిచిన మనుషులందరినీ. నుస్రత్ బేగం చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. తాగి లేచేసరికి గట్టయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు.

"ఏం చెప్పకు గట్టన్నా," అన్నాడు ఖాజా. "మా బేగంకు నచ్చలేదని చెప్పుదం. మొత్తం నా మీదేస్కుంట."

"ఇన్నేండ్లు ఏస్కున్నది సాలదా?" అని గట్టయ్య గోదావరి దారి పట్టాడు, వెనకాలే ఖాజా.

ఒడ్డున అప్పటికే జేఏసీ బ్యానరు కట్టారు. పాతికమంది మాజీ కార్మికులు పడవకు తాళ్లు కట్టి సిద్ధంగా ఉన్నారు. గట్టయ్య పడవ ముందుకు పోయి నిలబడ్డాడు. పక్కవాడికి చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"నిన్న నేను చెప్పింది తప్పు. నాకు చెవులు ఇనబడవు."

నర్సింగం సంతోషంగా తలూపి చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని అందరూ కొట్టారు. సదయ్య పుస్తకంలో "అభినందనలు" అని రాసుకున్నాడు. ఎవరో కొబ్బరికాయ అందించారు.

గట్టయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఈసారి గొంతు పెంచి, మాట మాటకూ ఆగి చెప్పాడు. నర్సింగం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని సదయ్యను ఏమిటని సైగ చేశాడు. సదయ్య భుజాలెగరేశాడు. బతుకులో దాచుకున్న ఒకే ఒక్క సిగ్గును మూడోసారి, ఊళ్లో దండోరా వేసినట్టు, ఉన్న బలమంతా పెట్టి అరవాల్సి వచ్చింది.

"నాకు! చెవులు! ఇనబడవు! నాలుగేండ్లు! కప్పులు ఇన్నది నేను కాదు! ఖాజా!"

అవతలి ఒడ్డున పశువులు తలలెత్తాయి. ఇవతలి ఒడ్డున కూడా ఈసారి వినబడింది. నర్సింగం మెల్లగా హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు అంతకు ముందుగాల్నే పోయినయ్," అన్నాడు. "నువ్వు బాగున్నదంటివి గనుక రాసిన."

"నిన్న సర్దార్ సాబ్ తలూపిండు గనుక నేను రాసిన," అన్నాడు సదయ్య. "నాకు డ్రిల్లు పక్క హాజరు రాసుడుతోనే పోయినయ్."

తాళ్లు పట్టుకున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు వేలితో చెవి చూపించి లేదన్నట్టు చెయ్యి ఊపాడు. పక్కవాడూ ఊపాడు. పాతికమందిలో పదిహేనుమంది చేతులూపారు. నిన్న ఆ పడవ కింద నిలబడ్డ అయిదుగురిలో వినబడే చెవులున్నది ఖాజా ఒక్కడికే. బాయిలో కూడా అంతేనని వాళ్లకు అప్పుడు తెలిసింది. కొందరు కూర్చుండిపోయారు. ఖాజా మాత్రం దొంగతనం బయటపడ్డవాడిలా తల వంచుకుని ఇసుకలో నిలబడ్డాడు.

ఏ పడవ కొనాలన్నది ఒక్క మాటలో తేలిపోయింది. తెల్లదే. ఈసారి రెండు వర్గాలూ ఒకటయ్యాయి.

గట్టయ్య సదయ్య దగ్గరికి పోయి పుస్తకం తెరవమన్నాడు. ముత్యం పడవ పేజీలో 'తనిఖీ చేసినవారు: గట్టయ్య' అని ఉంది. కలం తీసుకుని 'బాగున్నది' అన్న మాటనూ, తన పేరునూ తానే కొట్టేశాడు. రిటైరయ్యేదాకా వేలిముద్రతో నెట్టుకురాకుండా రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలతో, పైన నిదానంగా ఖాజా పేరు రాశాడు. దీపం పట్టేవాడి పేరు ఏ పుస్తకంలోనూ రాయరు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ రాయలేదు.

ఖాజా దగ్గరికొచ్చి పేజీ మీదికి వంగాడు. అతనికి ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు. గట్టయ్యకు పెదాలు కనబడేలా ముఖమెత్తి అడిగాడు.

"ఇందుల నా పేరు ఏది గట్టన్నా?"

గట్టయ్య అతని చెయ్యి అందుకుని, చూపుడువేలు తీసి ఆ పేరు మీద పెట్టాడు.